టవర్ కావాలి, టీచర్‌కు బదులుగా మాత్రం కాదు



2020 సంవత్సరంలో రెండు తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి. ఒకటి ఏప్రిల్ 22. రెండోది సెప్టెంబర్ 1.

ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం జీవో నంబర్ 3ను కొట్టేసింది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచర్ పోస్టులు నూటికి నూరు శాతం స్థానిక ఆదివాసీలకే ఇవ్వాలని 2000 జనవరి 10న వచ్చిన జీవో అది. తీర్పు వచ్చేనాటికి దేశమంతా లాక్‌డౌన్‌లో ఉంది. ధర్నాకు పోదామన్నా ఊరి పొలిమేర దాటే వీల్లేదు.

సెప్టెంబర్ 1న తెలంగాణలో ఆన్‌లైన్ పాఠాలు మొదలయ్యాయి. మూడో తరగతి నుంచి పదో తరగతి దాకా పిల్లలు టీ-శాట్‌లో, దూరదర్శన్ యాదగిరిలో పాఠాలు చూడాలన్నారు. ఇంటర్ పిల్లలకూ అదే దారి.

మొదటిది మన గూడెం బడికి మన టీచర్ వచ్చే దారి మూసింది. రెండోది టీచర్ ఎదురుగా లేకపోయినా చదువు నడుస్తుందన్న ఆలోచనకు తలుపు తీసింది. కరోనా కాలంలో వేరే దారి లేదు, ఒప్పుకుందాం. జబ్బు పోయింది, బడులు తెరిచారు. ఆలోచన మాత్రం పోలేదు. ఇవ్వాళ ఏజెన్సీలో టీచర్ లేడంటే ట్యాబ్ ఇస్తామంటారు. సైన్స్ సారు లేడంటే వీడియో ఉందంటారు. బడిలో పిల్లలు తక్కువున్నారంటే ఆన్‌లైన్‌లో చూసుకోవచ్చులే అంటారు. అందుకే ఈ విషయం కాస్త వివరంగా మాట్లాడుకోవాలి.

ముందే ఒక మాట. ఇది టెక్నాలజీ వద్దనే వ్యాసం కాదు. మన పిల్లలకు ఫోను, నెట్టు, కంప్యూటర్ అన్నీ కావాలి. హైదరాబాద్ పిల్లవాడికి ఎంత హక్కుందో గుండాల పిల్లవాడికీ అంతే ఉంది. మన ప్రశ్నల్లా ఒకటే: ఆ నెట్‌వర్కు ఎవరి చేతిలో ఉండాలి, ఎవరి భాషలో మాట్లాడాలి?

ఆ ఏడాది ఎవరు చదివారు, ఎవరు ఆగిపోయారు

ఆ పాఠాల పట్టికలో ఒకటి, రెండు తరగతులు లేవు. అంటే అక్షరం మొదలయ్యే చోటే పాఠం లేదు. పట్నంలో తల్లిదండ్రులు కూర్చోబెట్టి ఆ లోటు పూడ్చుకున్నారు. అమ్మానాన్న బడి మొహం చూడని ఇంట్లో ఎవరు పూడుస్తారు? ఆ ఏడు ఒకటో తరగతిలో చేరాల్సిన పిల్లలు తర్వాత నేరుగా రెండులో కూర్చున్నారు. పుస్తకం రెండో తరగతిది, చదువు మాత్రం మొదలే కాలేదు.

దేశం లెక్కలు చూద్దాం. 2017-18లో జరిగిన 75వ విడత జాతీయ నమూనా సర్వే ప్రకారం పల్లెల్లో నూటికి 4.4 ఇళ్లలోనే కంప్యూటర్ ఉంది, ఇంటర్నెట్ సౌకర్యం 14.9 ఇళ్లలో ఉంది. ఇది దేశం మొత్తం పల్లెల సగటు. రోడ్డు పక్క పెద్ద ఊళ్లు, మైదానం ఊళ్లు అన్నీ కలిపితే వచ్చిన అంకె. అడవి లోపలి గుంపు ఆ సగటులో ఎక్కడుంటుందో మనకు వేరే చెప్పక్కర్లేదు.

2020లో 'అసర్' సర్వే ఇంకో అంకె చెప్పింది. బడిలో పేరున్న పిల్లల్లో ఇంట్లో స్మార్ట్‌ఫోన్ ఉన్నవాళ్లు 2018లో 36.5 శాతం ఉంటే 2020కి 61.8 శాతం అయ్యారు. చదువు కోసం అప్పుచేసి ఫోన్లు కొన్న కుటుంబాలు ఆ పెరుగుదలలో ఎన్నో ఉన్నాయి. ఇంతా చేసి 'ఇంట్లో ఫోన్ ఉంది' అంటే పిల్లవాడి చేతిలో ఉందని కాదు. ఒక్క ఫోన్. అది నాన్నతో పనికి పోతుంది. రాత్రికి వస్తే చార్జింగ్ ఉండదు, చార్జింగ్ ఉంటే రీచార్జి ఉండదు, రెండూ ఉంటే సిగ్నల్ కోసం గుట్టెక్కాలి. అక్కాతమ్ముళ్లు ముగ్గురుంటే ఒకే టైములో ఒక్కరికే పాఠం. ఆ ఒక్కరు ఆడపిల్ల అయిన ఇళ్లు ఎన్ని, మగపిల్లవాడు అయిన ఇళ్లు ఎన్ని అన్నది ఎవరి గూడెంలో వాళ్లు లెక్క తీస్తే తెలుస్తుంది.

గురుకులాలు, ఆశ్రమ పాఠశాలల సంగతి ఇంకో రకం. మన పిల్లల్లో చాలామంది అక్కడే చదువుతారు. బువ్వ, బట్ట, పుస్తకం, చదువు అన్నీ అక్కడే. 2020 మార్చిలో అవి మూసి పిల్లల్ని ఇళ్లకు పంపినప్పుడు చదువుతో పాటు పూటకింత తిండి కూడా పోయింది. 2021 సెప్టెంబర్ 1న మామూలు బడులు తెరిచినప్పుడు కూడా హైకోర్టు ఆదేశాలతో గురుకులాలు మరికొంత కాలం మూసే ఉన్నాయి. ఆరోగ్యం కోసమే కావచ్చు. కానీ ఎక్కువ కాలం తెర ముందు కూర్చోమన్నది తెర లేని పిల్లల్నే. ఇది గుర్తుంచుకోవాలి.

ఇంకొక పాపను కూడా మర్చిపోవద్దు. జీవో 3 తీర్పుకు కొద్ది రోజుల ముందు, 2020 ఏప్రిల్‌లో, ములుగు జిల్లా మిర్చి తోటల్లో కూలికి వచ్చిన 12 ఏళ్ల ఆదివాసీ పాప ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లాలో ఉన్న తన ఊరికి అడవి దారిన నడుస్తూ, ఇల్లు చేరకముందే చనిపోయింది. గోదావరికి అటూ ఇటూ మిర్చి కోతలకు వచ్చే అలాంటి పిల్లలు ఏ బడి రిజిస్టర్‌లోనూ ఉండరు. రిజిస్టర్‌లో లేని బిడ్డకు ఏ యాప్‌లోనూ లాగిన్ ఉండదు. ఆన్‌లైన్ చదువు ఎంత మందికి అందింది అని లెక్కేసినప్పుడు ఈ పిల్లలు లెక్కలోకే రారు.

వెలుగు ఇచ్చే నేల మీద సిగ్నల్ కరువు

పినపాక ప్రాంతం తెలియని మిత్రుల కోసం కొంచెం చెప్పాలి. భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో గోదావరి ఒడ్డున ఉంటుంది. పినపాక అసెంబ్లీ స్థానం ఎస్టీ రిజర్వుడు. పక్కనే మణుగూరులో సింగరేణి ఓపెన్‌కాస్ట్ గనులు. అశ్వాపురంలో భారజల కర్మాగారం. మణుగూరు, పినపాక మండలాల నేల మీద 1,080 మెగావాట్ల భద్రాద్రి థర్మల్ విద్యుత్ కేంద్రం. ఈ నేల నుంచి బొగ్గు పోతుంది, కరెంటు పోతుంది. హైదరాబాద్‌లో స్టూడియోలో పాఠం రికార్డు చేసే లైట్లకు కరెంటు పంపేది ఇలాంటి నేలలే. ఆ పాఠం తిరిగి కరకగూడెం, గుండాల, ఆళ్లపల్లి అడవి గుంపులకు చేరేసరికి గింగిరాలు తిరుగుతూ ఆగిపోతుంది.

'టవర్లు వేశాం కదా' అంటారు. వేశారు, నిజమే. కానీ ఎందుకు వేశారో చూడండి. వామపక్ష తీవ్రవాద ప్రభావిత ప్రాంతాల పేరుతో కేంద్రం మొదటి విడతలో 2,343 చోట్ల మొబైల్ టవర్లు పెట్టింది. ఎక్కడ పెట్టాలో జాబితా ఇచ్చింది విద్యాశాఖ కాదు, హోంశాఖ. అంటే అడవిలో సిగ్నల్ మొదట భద్రత లెక్కల మీద వచ్చింది. 2022 జూలైలో సిగ్నల్ లేని 24,680 గ్రామాలకు 4జీ ఇస్తామని కేంద్ర మంత్రివర్గం 26,316 కోట్ల రూపాయలతో పథకం ఒప్పుకుంది. మంచిదే. కానీ 'గ్రామం' అంటే రెవెన్యూ గ్రామం. మన జనం ఉండేది గుంపుల్లో, గూడేల్లో. ఒక రెవెన్యూ గ్రామం కింద నాలుగైదు గుంపులు వాగుకు అటు రెండు, గుట్టకు ఇటు రెండు ఉంటాయి. రోడ్డు పక్క గుంపులో సిగ్నల్ వస్తే కాగితం మీద గ్రామమంతా వచ్చినట్టే.

2005లో సల్వాజుడుం మొదలయ్యాక అటునుంచి ప్రాణాలు అరచేత పట్టుకుని వచ్చిన గుత్తికోయల ఆవాసాల సంగతి మరీ అన్యాయం. అడవి లోపల ఉన్న ఆవాసానికి ఊరు అన్న గుర్తింపే లేదు. గుర్తింపు లేని ఊరికి బడి రాదు, టవర్ రాదు, ట్యాబ్ రాదు.

కాబట్టి టవర్ అడుగుదాం, గట్టిగా అడుగుదాం. గుంపు లెక్కన అడుగుదాం. కానీ టవర్ వచ్చిన రోజే చదువు వచ్చేసినట్టు అనుకోవద్దు. ఎందుకంటే అసలు అడ్డంకి సిగ్నల్ కన్నా ముందే ఉంది.

'ఏరు' అంటే ఏమిటి?

కోయ బిడ్డ ఇంట్లో 'ఏరు' అంటే నీళ్లు. తెలుగు పుస్తకంలో 'ఏరు' అంటే పారే వాగు. బడికి వచ్చిన మొదటి వారం పంతులు 'ఏరు' బొమ్మ చూపించి 'ఇదేంటి?' అంటే బిడ్డకు అయోమయం. కోయ తెలిసిన టీచర్ అయితే నవ్వి, 'మనింట్లో తాగేదాన్ని ఏరు అంటాం, తెలుగులో దాన్ని నీళ్లు అంటారు, ఏరంటే వాగు' అని ఒక్క నిమిషంలో విప్పి చెబుతారు. ఆ నిమిషంలో బిడ్డకు రెండు భాషలూ వస్తాయి. తన భాష తప్పు కాదని కూడా తెలుస్తుంది. రికార్డు చేసిన వీడియో ఆగదు, ఆ అయోమయం దానికి కనిపించదు. బిడ్డ మొహం చూసేవాళ్లు తెర అవతల ఎవరూ లేరు.

ఇది చిన్న విషయం అనుకోకండి. ఐదేళ్ల బిడ్డ రోజుకు ఇలాంటివి ఇరవై మాటల దగ్గర ఆగిపోతే, ఏడాది తిరిగేసరికి 'వీడికి చదువు ఎక్కదు' అని పేరు పెడతారు. పదో తరగతి లోపు బడి మానేసిన మన పిల్లల్లో ఎంతమంది నిజంగా మానేసింది ఒకటో తరగతిలోనే అన్నది ఆలోచించండి.

చట్టం మన వైపే ఉంది. ప్రాథమిక దశలో భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు మాతృభాషలో బోధనకు ఏర్పాట్లు చెయ్యాలని రాజ్యాంగం 350ఏ అధికరణం 1956 నుంచీ చెబుతోంది. వీలైనంత వరకు బోధన పిల్లల మాతృభాషలో ఉండాలని 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ అంటోంది. 2020 జాతీయ విద్యా విధానం కూడా ఐదో తరగతి దాకా ఇంటి భాష గురించి మాట్లాడింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే కోయ, గోండి, కొలామి, సవర, కొండ, కువి, ఆదివాసీ ఒడియా, లంబాడీ భాషల్లో, అంటే ఎనిమిది భాషల్లో, బహుభాషా విద్య పేరుతో పుస్తకాలు తయారు చేశారు. తెలుగు లిపిలో కోయ పాఠాలు అచ్చయ్యాయి. కాబట్టి 'కోయలో చెప్పడం కుదరదు' అన్న మాట ఇరవై ఏళ్ల కిందటే చెల్లకుండా పోయింది.

మరి డిజిటల్ యుగంలో కోయ ఎక్కడుంది? 2025 సెప్టెంబర్‌లో కేంద్ర గిరిజన వ్యవహారాల శాఖ 'ఆది వాణి' పేరుతో ఆదివాసీ భాషల ఏఐ అనువాద యాప్ విడుదల చేసింది. మొదటి విడతలో సంతాలీ, భీలీ, ముండారీ, గోండి. తర్వాత వచ్చేవిగా కుయి, గారో పేర్లు చెప్పారు. కోయ పేరు లేదు. 2011 జనాభా లెక్కల్లో కోయ మాట్లాడేవాళ్లు నాలుగు లక్షల పైచిలుకు. ఇంతమంది మాట్లాడే భాషకు యంత్రంలో చోటు లేదు. ఆది వాణిని తప్పుబట్టడం లేదు, అలాంటి ప్రయత్నం రావడమే సంతోషం. కానీ నెట్‌వర్కులో మన భాష లేనప్పుడు, ఆ నెట్‌వర్కు మీద మన బిడ్డను వదిలేస్తామంటే ఊరుకుందామా?

జీవో 3 నిజంగా ఏం చేసింది

జీవో 3ను చాలామంది ఉద్యోగాల గొడవగానే చూశారు. ఉద్యోగమే, కాదనం. కానీ అది అంతకన్నా పెద్దది. ఏజెన్సీ బడులకు బయటి టీచర్లు రావడం లేదు, వచ్చినా ఉండడం లేదు. ఈ పాత రోగానికి మందుగానే 1986లో జీవో 275 వచ్చింది, తర్వాత జీవో 3 వచ్చింది. ఊళ్లోనే ఉండే మనిషి, ఊరి భాష మాట్లాడే మనిషి, వాగు పొంగినా బడికి రాగలిగే మనిషి టీచర్ కావాలన్నదే దాని సారం.

అలా వచ్చిన టీచర్ ఒక్క పాఠం చెప్పి ఊరుకోలేదు. తునికాకు సీజన్లో ఏ పిల్లవాడు బడికి రాడో, ఎవరింట్లో జ్వరాలున్నాయో, ఏ పాప మిర్చి కోతకు పోయిందో తెలిసిన మనిషి. తల్లిదండ్రులు కోయలో అడిగితే కోయలో జవాబు చెప్పే మనిషి. ఆధార్ నుంచి కుల ధ్రువపత్రం దాకా దారి చూపే మనిషి. నిజం చెప్పాలంటే ఏజెన్సీలో అసలైన నెట్‌వర్కు అదే. గుంపుకూ ఐటీడీఏకూ మధ్య, కోయకూ తెలుగుకూ మధ్య, ఇంటికీ బడికీ మధ్య తీగ ఆ టీచరే.

సుప్రీంకోర్టు ఆ నూరు శాతం రిజర్వేషన్ రాజ్యాంగ విరుద్ధమంది. అప్పటికే ఉద్యోగాల్లో ఉన్నవాళ్లను కదపలేదు. కానీ వాళ్లు ఒక్కొక్కరు రిటైర్ అవుతున్న కొద్దీ ఆ కుర్చీలో మళ్లీ స్థానిక ఆదివాసీయే కూర్చుంటారన్న హామీ లేదు. 2024లో తెలంగాణ 11,062 పోస్టులతో డీఎస్సీ ప్రకటన ఇచ్చింది. అందులో జీవో 3 రక్షణ లేదు. బయటి నుంచి పోస్టింగ్ వచ్చినవాళ్లలో నిజాయితీగా పనిచేసేవాళ్లు ఉన్నారు, కోయ నేర్చుకున్న సార్లూ ఉన్నారు. వాళ్ల మీద మనకు కోపం లేదు. వ్యవస్థ మాత్రం వ్యక్తుల మంచితనం మీద నడవకూడదు కదా.

ఇప్పుడు రెండు విషయాలూ కలపండి. ఒకవైపు స్థానిక టీచర్ దారి సన్నబడింది. ఇంకోవైపు ట్యాబులు, ప్యానెళ్లు, ఏఐ పాఠాలు వస్తున్నాయి. ఖాళీ పోస్టు మీద తెర కప్పడం చాలా తేలిక. కనుక మనం జాగ్రత్తగా ఉండాలి.

ఆన్‌లైన్ నిజంగా పనికొచ్చే చోటు

అయితే ఈ నెట్‌వర్కు ఎవరికి ముందు కావాలి? నన్నడిగితే, టీచర్‌కు.

ఒక్క టీచర్, ఒక్క గది, ఐదు తరగతులు. ఏజెన్సీ ప్రాథమిక పాఠశాల అంటే చాలాచోట్ల ఇదే. ఆ టీచర్‌కు పక్కన అడగడానికి ఇంకో టీచర్ లేరు. భిన్నాలు ఎలా చెప్పాలో తెలియకపోతే ఎవరితో మాట్లాడాలి? నిన్న చెప్పిన పద్ధతి పనిచేసిందో లేదో ఎవరితో పంచుకోవాలి? ఈ ఒంటరితనాన్ని పోగొట్టే పని నెట్‌వర్కు చెయ్యగలదు.

మన దేశంలో ఇది కొత్తదేమీ కాదు. 1975 ఆగస్టు నుంచి 1976 జూలై దాకా అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 సాయంతో 'సైట్' అనే టీవీ ప్రయోగం జరిగింది. ఆంధ్రప్రదేశ్‌తో కలిపి ఆరు రాష్ట్రాల్లో దాదాపు 2,400 గ్రామాల్లో టీవీలు పెట్టారు. పిల్లలకు పాఠాలతో పాటు వేల మంది ప్రాథమిక టీచర్లకు సైన్స్ శిక్షణ కూడా ఇచ్చారు. ఏడాది అయ్యాక ఉపగ్రహం వెళ్లిపోయింది, ప్రయోగం ముగిసింది. అరువు తెచ్చుకున్న నెట్‌వర్కు అంతే, ఇచ్చినవాడు తీసుకుపోతే మనకు ఏమీ మిగలదు.

1980లలో ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం కింద టీచర్ల కేంద్రాలు వచ్చాయి. చుట్టుపక్కల బడుల టీచర్లు ఒకచోట కూర్చుని పాఠాలు తయారు చేసుకోవడం, ఒకరి దగ్గర ఒకరు నేర్చుకోవడం. ఏ వైరూ లేని నెట్‌వర్కు అది. నేటి స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల వెనక ఉన్న ఆలోచన కూడా అదే.

ఈ మధ్య కాలంలో గట్టి ఉదాహరణ 'క్లిక్స్'. టాటా సామాజిక శాస్త్రాల సంస్థ, అమెరికాలోని ఎంఐటీ, టాటా ట్రస్టులు కలిసి తెలంగాణ, రాజస్థాన్, ఛత్తీస్‌గఢ్, మిజోరం హైస్కూళ్లలో నడిపాయి. దాంట్లో మనం నేర్చుకోవాల్సినవి రెండు. ఒకటి, ఇంటర్నెట్ లేకపోయినా బడిలోనే ఉన్న సర్వర్ కంప్యూటర్ మీద పాఠాలు నడిచేలా తయారు చేశారు. రెండు, పిల్లలకు కంప్యూటర్ ఇచ్చి టీచర్‌ను పక్కన పెట్టలేదు. ముందు టీచర్లకు శిక్షణ ఇచ్చి, వాళ్లు ఫోన్ గ్రూపుల్లో ఒకరినొకరు ప్రశ్నలు అడుగుతూ, క్లాసులో జరిగింది పంచుకుంటూ నేర్చుకునేలా చేశారు. దానికి 2017 సంవత్సరపు యునెస్కో బహుమతి కూడా దక్కింది.

ఇప్పుడు మన టీచర్ల వాట్సాప్ గ్రూపులు తెరిచి చూడండి. ఉత్తర్వులు, ఫార్మాట్లు, 'సాయంత్రం ఐదులోపు పంపాలి', మధ్యాహ్న భోజనం ఫోటో, హాజరు ఫోటో, కార్యక్రమం ఫోటో. గ్రూపు ఉంది, అందులో చదువు మాట లేదు. పైనుంచి ఆర్డర్ కిందికి వస్తుంది, కింది నుంచి ఫోటో పైకి పోతుంది. కేంద్రం 2020 అక్టోబర్ నుంచి 'నిష్ఠ' శిక్షణను దీక్షా వేదిక మీద ఆన్‌లైన్‌లో పెట్టింది. నేర్చుకున్న టీచర్లు ఉన్నారు. వీడియో ఒకపక్క నడుస్తుంటే ఇంకోపక్క రిజిస్టర్లు రాసుకుని సర్టిఫికెట్ తీసుకున్నవాళ్లూ ఉన్నారు. వాళ్లను ఏమనగలం? కోయ పిల్లలకు తెలుగు ఎలా మొదలుపెట్టాలి అన్న వాళ్ల రోజువారీ ప్రశ్న ఆ వీడియోలో లేకపోతే వాళ్లేం చేస్తారు?

కింది నుంచి మాట్లాడే నెట్‌వర్కు ఎలా ఉంటుందో చూడాలంటే పక్క రాష్ట్రం చాలు. ఛత్తీస్‌గఢ్‌లో 2010 నుంచి నడిచిన 'సీజీనెట్ స్వర' స్మార్ట్‌ఫోన్ అడగలేదు. మామూలు బటన్ ఫోన్ నుంచి కాల్ చేసి, గోండిలోనైనా సరే తన మాట రికార్డు చేస్తే మిగతావాళ్లు వినేవారు. అక్షరం రాకపోయినా పరవాలేదు. రేషన్ రాలేదని, కూలి ఇవ్వలేదని, టీచర్ రావడం లేదని జనం తమ గొంతుతోనే చెప్పారు. ఇదే పద్ధతిలో కోయ టీచర్లు పాఠం చెప్పుకుంటే? మన పెద్దల కథలు, పంటల పేర్లు, చెట్ల పేర్లు, లెక్కలు చెప్పే తీరు కోయలో రికార్డు చేసి బడి బడికీ పంచుకుంటే? కొత్తగూడెంలో ఆకాశవాణి కేంద్రం ఉంది. రోజుకు అరగంట కోయలో చిన్నపిల్లల పాఠం రేడియోలో వస్తే దానికి డేటా అక్కర్లేదు, రీచార్జి అక్కర్లేదు.

మూడు మాటలకు మూడు జవాబులు

'అంత లోపలికి టీచర్ ఎలాగూ రాడు, వీడియో అన్నా ఉండనీ' అంటారు. రాకపోవడాన్ని సహజం చెయ్యకండి. ఓటు పెట్టె వాగు దాటి వస్తుంది. బొగ్గు లారీకి రోడ్డు దొరుకుతుంది. టీచర్‌కు మాత్రం ఎందుకు దొరకదు? అరవై మంది లోపు పిల్లలున్న బడికి కూడా ఇద్దరు టీచర్లు ఉండాలని విద్యాహక్కు చట్టం చెబుతోంది. అందులో ఎక్కడా 'లేదా ఒక ట్యాబ్' అని రాసి లేదు.

'మాతృభాష అంటూ కూర్చుంటే మీ పిల్లలకు ఇంగ్లీషు ఎలా వస్తుంది?' అంటారు. ఇంగ్లీషు కావాలి. కానీ నిచ్చెన మొదటి మెట్టు పీకేసి పై మెట్టు చూపిస్తే ఎక్కేదెలా? కోయ మీద తెలుగు, తెలుగు మీద ఇంగ్లీషు నిలబడతాయి.

'కేరళ చూడండి, ఆన్‌లైన్‌లో ఎంత బాగా చేసిందో' అంటారు. చూద్దాం. 2020 జూన్ 1నే కేరళ విక్టర్స్ చానల్‌లో 'ఫస్ట్ బెల్' పాఠాలు మొదలుపెట్టింది. టీవీ, ఫోన్ లేని పిల్లల కోసం ఊళ్లలో ఉమ్మడి కేంద్రాలు పెట్టింది. దానికి ముందే వయనాడ్‌లో 'గోత్రబంధు' పేరుతో ఆదివాసీ యువతనే ప్రాథమిక బడుల్లో మెంటర్ టీచర్లుగా పెట్టింది. అంటే ఆన్‌లైన్‌లో ముందున్న రాష్ట్రం కూడా ఆదివాసీ బిడ్డ ఎదుట ఆదివాసీ టీచర్ ఉండాలని గుర్తించింది. కేరళను చూపించేవాళ్లు ఈ రెండో సగాన్ని కూడా చూపించాలి.

మనం అడగాల్సినవి

ఒకటి. ఏజెన్సీ ప్రాథమిక బడుల్లో స్థానిక ఆదివాసీ భాష రావడాన్ని టీచర్ అర్హతగా పెట్టాలి. జీవో 3 కేసులో తేలింది నూరు శాతం రిజర్వేషన్ సంగతి. పిల్లల భాష తెలిసుండాలన్న అర్హత మీద ఆ తీర్పు వేటు వెయ్యలేదు. స్థానిక నియామకాలకు చట్టబద్ధమైన కొత్త దారి ప్రభుత్వం వెతకాలి, గిరిజన సలహా మండలిలో చర్చ పెట్టాలి.

రెండు. ఏ బడిలోనైనా ఆన్‌లైన్ పాఠం, ట్యాబ్, ఏఐ కార్యక్రమం పెట్టే ముందు గ్రామసభకు చెప్పాలి. దాన్ని చూపించి పోస్టు ఎత్తెయ్యడం, బడి మూసెయ్యడం, పక్క ఊరి బడిలో కలపడం చెయ్యమని రాతపూర్వకంగా ఇవ్వాలి. పెసా చట్టం 1996 నుంచి ఉంది, గ్రామసభ అంటే సంతకాల పుస్తకం కాదు.

మూడు. ప్రతి బడికీ నెట్ లేకపోయినా నడిచే ఏర్పాటు కావాలి. ఒక చిన్న సర్వర్, సోలార్ ప్యానెల్, పాడైతే వారంలో బాగుచేసే మనిషి. మూడోది లేకపోతే మొదటి రెండూ బీరువాలోకి పోతాయి.

నాలుగు. ఐటీడీఏ పరిధిలో కోయ టీచర్లకు సొంత వేదిక కావాలి. అందులో ఉత్తర్వులు, ఫోటోలు ఉండకూడదు, చదువు మాటే ఉండాలి. నెలకొక రోజు ముఖాముఖి కూర్చోవడానికి డ్యూటీగా టైము ఇవ్వాలి, ప్రయాణ ఖర్చు ఇవ్వాలి. కాంట్రాక్టు టీచర్లకూ అదే హక్కు ఉండాలి.

ఐదు. అప్పట్లో అచ్చయిన కోయ పుస్తకాలను వెతికి, సరిచేసి, గొంతుతో రికార్డు చేసి అందరికీ ఉచితంగా అందుబాటులో పెట్టాలి. రికార్డు చేసిన పెద్దలకు పేరు, గౌరవం, కూలి దక్కాలి. మన భాష మన ఉమ్మడి ఆస్తి, ఏ కంపెనీ డేటా గోదాములోనూ సరుకు కాకూడదు.

ఆరు. గుత్తికోయ ఆవాసాల్లోని పిల్లలకూ, వలస కూలీల పిల్లలకూ కాగితాలతో సంబంధం లేకుండా బడిలో పేరు రాయాలి. టవర్ల లెక్క గుంపు వారీగా తియ్యాలి.

ఇవన్నీ పైవాళ్లు చెయ్యాల్సినవి. మనం చెయ్యాల్సింది కూడా ఉంది. ఈ నెల మీ గూడెం బడికి పోయి నాలుగు ప్రశ్నలు అడగండి. ఎన్ని పోస్టులు ఉండాలి, ఎంతమంది ఉన్నారు? కోయలో మాట్లాడే టీచర్ ఉన్నారా? వచ్చిన ట్యాబులు, టీవీ నడుస్తున్నాయా, బీరువాలో ఉన్నాయా? ఈ ఏడు బడి మానేసిన పిల్లలు ఎవరు, ఎందుకు? టీచర్‌తో పోట్లాటకు పోవద్దు, తోడుగా పొండి. చాలాచోట్ల ఆ టీచర్ కూడా మనలాగే ఒంటరిగా ఉన్నారు. జవాబులు కాగితం మీద రాసి, గ్రామసభలో చదివి, తీర్మానం చేసి ఐటీడీఏకు పంపండి. పది గూడేల కాగితాలు ఒకచోట చేరితే అదే మన మొదటి నెట్‌వర్కు. దానికి సిగ్నల్ అక్కర్లేదు.

మావ నాటే, మావ రాజ్ అని ఎన్నో ఏళ్లుగా అంటున్నాం. ఆ మాట భూమికీ అడవికీ ఎంత వర్తిస్తుందో, మన బిడ్డల పలకకూ అంతే వర్తిస్తుంది. రేపు ఆ పలక తెర అయినా సరే.

జై ఆదివాసీ.